ఊగే నేల, కాగే నేల: బోర్డు అంతస్తు మీద టైల్స్ నిలవాలంటే

దుకాణంలో మెజనైన్ (మధ్యలో వేసిన సగం అంతస్తు), డూప్లెక్స్‌లో డబుల్ హైట్ హాలు మధ్య కొత్తగా లేపిన గది, డాబా మీద పైపుల ఫ్రేముతో కట్టిన పెంట్‌హౌస్. హైదరాబాద్‌లో ఈ మూడింటికీ నేల ఒకటే: కింద ఇనుప పైపులు, పైన 18 ఎంఎం ప్లైవుడ్డో సిమెంటు బోర్డో. సెంట్రింగ్ అక్కర్లేదు, నీళ్లు పట్టే పని లేదు, వారం పది రోజుల్లో గది చేతికొస్తుంది. దాని మీద ఇంటివాళ్లు అడిగేది మాత్రం టైల్సే. వేసిన రోజు అద్దంలా ఉంటుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక అసలు కథ మొదలవుతుంది. కాలు వేస్తే గుల్ల చప్పుడు, టైల్స్ సందుల్లో నింపిన గ్రౌటు పొడిగా రాలడం, ఆపైన ఈ గోడ నుంచి ఆ గోడకు దారం పట్టినట్టు ఒక పగులు.

మేస్త్రిని పిలిస్తే టైల్ బాగాలేదంటాడు. టైల్స్ షాపువాళ్లు దాన్ని అంటించిన గమ్ము బాగాలేదంటారు. గమ్ము అమ్మినవాళ్లు మేస్త్రి పనితనం అంటారు. నేల మాట ఎవరూ ఎత్తరు. తప్పు చాలాసార్లు ఉండేది అక్కడే.

పగులును చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. గీత తిన్నగా పోయి, దానికి సమాంతరంగా 4 అడుగులకో 8 అడుగులకో ఇంకో గీత ఉంటే అది బోర్డుల అతుకు. టైల్ మీదకు కింది అతుకు అచ్చు గుద్దినట్టు వచ్చేసింది. గీతలు ఇంకా దగ్గరదగ్గరగా, పైపులు ఉన్నచోటల్లా ఉంటే, రెండు పైపుల నడుమ బోర్డు కిందికి వంగుతూ పైపు నెత్తిన టైల్‌ను విరుస్తోందని అర్థం. రెండు వరుసల టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని గుడారంలా పైకి లేస్తే అది వంపు కాదు, వేడి. గోడ పక్కన సందు వదలకుండా బిగించేశారు, పెరగడానికి చోటు లేక లేచాయి. ఏ వరుసా లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి గుల్లగా మోగుతుంటే మాత్రం అప్పుడు మేస్త్రిని అడగాల్సిందే.

లేచిన టైల్‌ను పారేయకుండా తిప్పి చూడాలి. వెనక భాగం శుభ్రంగా ఉండి, గమ్ము మొత్తం బోర్డుకే అంటుకుని, దాని మీద కరణి పళ్ల గీతలు నలగకుండా నిలబడి ఉంటే, గమ్ముకు పైపొర కట్టాక టైల్ పెట్టారన్నమాట. లేదా టైల్ వెనక ఫ్యాక్టరీ నుంచి వచ్చే తెల్లటి పొడిని తుడవలేదు. గమ్ము టైల్‌తోపాటే ఊడివచ్చి దాని అడుగున బోర్డు దుమ్ము కనిపిస్తే, బోర్డును తుడవలేదు, పట్టు కోసం ముందుగా పూసే ప్రైమర్ వేయలేదు. గమ్ము మధ్యలో చీలి సగం ఇటు సగం అటు ఉంటే నీళ్లు ఎక్కువ పోసి కలిపారు, లేకపోతే గమ్ములో సిమెంటు కలిపారు.

ఈ నేలకు రెండు రకాల కదలికలుంటాయి. ఒకటి బరువు పడ్డప్పుడు కిందికి వంగడం. రెండోది వేడికి, తేమకు అడ్డంగా సాగడం, ముడుచుకోవడం. రెండిటికీ మందు వేరు. కానీ మన దగ్గర రెండిటికీ ఒకటే మందు వాడతారు: ఇంకాస్త ఖరీదైన గమ్ము. వంపుకు గమ్ము పనికిరాదు. దాన్ని ఇనుముతోనే ఆపాలి.

ముందు వంపు

నేల మీద మోపే బరువుకు ఎంత వంగవచ్చో ఉక్కు నిర్మాణాల కోడ్ ఐఎస్ 800:2007 చెబుతుంది. పగుళ్లివ్వగల ఫినిషింగ్ ఉన్న నేలకు లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) వంపు, దూలం పొడవులో 360వ వంతు దాటకూడదు. టైల్స్‌కు అమెరికాలో వాడే లెక్కా ఇదే. సహజ రాయికైతే దానిలో సగం, అంటే 720వ వంతు. 3 మీటర్ల పొడవున్న పైపుకు 360వ వంతు అంటే 8.3 ఎంఎం, 720వ వంతు అంటే 4.2 ఎంఎం.

ఇళ్లకు లైవ్ లోడ్ చదరపు మీటరుకు 200 కిలోలుగా తీసుకుంటారు. పైపులు 400 ఎంఎంకు ఒకటి చొప్పున, రెండు చివర్లా గోడ మీదో దూలం మీదో కూర్చున్నాయనుకుందాం. అదే 3 మీటర్ల పొడవుకు మూడు సైజులు చూడండి. 50 బై 50, 3 ఎంఎం మందం ఉన్న చదరపు పైపు దాదాపు 21 ఎంఎం వంగుతుంది. 80 బై 40, 3.2 ఎంఎం పైపును నిలువుగా పెడితే సుమారు 7.4 ఎంఎం. 100 బై 50, 4 ఎంఎం అయితే 3 ఎంఎం. మొదటిది టైల్స్‌కు ఏమాత్రం పనికిరాదు. రెండోది బొటాబొటిగా పాసవుతుంది. తాండూరు బండో మార్బులో వేయాలంటే మూడోది కావాల్సిందే. ఫ్యాబ్రికేటర్లు ఎక్కువగా వాడేది మొదటిది. అది విరగదు, కూలదు, అందుకే వాళ్ల దృష్టిలో 'స్ట్రాంగ్'. గట్టిగా ఉండటం వేరు, వంగకుండా ఉండటం వేరు. ఈ ఒక్క మాట దగ్గరే ఫ్యాబ్రికేటర్‌కూ ఇంటివాళ్లకూ పొత్తు కుదరదు.

ఇంకో తిరకాసు పైపు మందం. సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో పైపు కొనేటప్పుడు అంగుళాల్లో '4 బై 2', '3 బై ఒకటిన్నర' అని అడిగితే సరిపోదు. మందం ఎన్ని ఎంఎంలో అడగాలి, మీటరుకు బరువెంతో తూచి చూడాలి. మీటరు ముక్క బరువు అబద్ధం చెప్పదు.

కట్టేసిన ఫ్రేమును పరీక్షించడం తేలికే. ముందు గోడల్లో యాంకర్ బోల్టులు, వెల్డింగులు ఒకసారి చూసి, కింద ఎవరూ లేకుండా చేయండి. ఒక పైపు అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు నైలాన్ దారం బిగుతుగా కట్టి, మధ్యలో పైపుకూ దారానికీ ఉన్న ఎడాన్ని కొలిచి రాసుకోండి. ఆ పైపునూ దాని రెండు పక్కల పైపులనూ కలిపి 1.2 మీటర్ల వెడల్పున, పూర్తి 3 మీటర్ల పొడవునా 14 సిమెంటు బస్తాలు సమానంగా పరవండి. అది 700 కిలోలు, అంటే చదరపు మీటరుకు 200 కిలోల లెక్కకు దగ్గర. మళ్లీ కొలవండి. తేడా 8 ఎంఎం దాటితే అక్కడే ఆగాలి. బస్తాలు తీశాక పైపు తిరిగి మొదటి కొలతకు రాకపోతే సమస్య టైల్స్‌ది కాదు, ఇంజనీరును పిలవాల్సిందే.

దాటినప్పుడు పైపులన్నీ మార్చనక్కర్లేదు. సరిగ్గా మధ్యలో అడుగున ఒక గట్టి దూలం అడ్డంగా పెడితే పొడవు సగమవుతుంది. వంపు మాత్రం సగం కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. పొడవు నాలుగో ఘాతం మీద నడిచే లెక్క అది. కింది గదిలో తలకు తగులుతుందని, సీలింగ్ అందం పోతుందని ఇంటివాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పైన వినైల్ ప్లాంకులు (ప్లాస్టిక్ పలకలు) వేసుకోవడం మంచిది. అవి వంగినా పగలవు.

ఇక మోర్టారు సంగతి. స్లాబు మీద అలవాటైన పద్ధతిలో 2 అంగుళాల ఇసుక-సిమెంటు పరిచి, పైన సిమెంటు పాలు పోసి టైల్ పెట్టడం ఈ నేల మీద రెండు విధాలా నష్టం. 50 ఎంఎం మోర్టారు ఒక్కటే చదరపు మీటరుకు 100 కిలోలు. 12 చదరపు మీటర్ల గదిలో మోర్టారు, ప్లై, టైల్ కలిపితే 1600 కిలోల పైన పడుతుంది. బోర్డు, గమ్ము పద్ధతిలో అదే గది 720 కిలోలతో సరిపోతుంది. పైగా ఎండిన బోర్డు మోర్టారులో నీటిని పీల్చేస్తుంది. సిమెంటు గట్టిపడే లోపే తడి పోయి అది ఇసుకపొడిలాగే మిగిలిపోతుంది. విట్రిఫైడ్ టైల్ నీటిని పీల్చుకోవడం 0.5 శాతం లోపే కాబట్టి, సిమెంటు పాలు దాని వెనక పట్టుకోవడానికి రంధ్రాలు కూడా ఉండవు.

బోర్డులు

ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 మార్కున్న మెరైన్ ప్లై, 18 ఎంఎం. కమర్షియల్ ప్లైకి తడి తగిలితే పొరలు విడిపోతాయి, గదిలో బాత్రూమ్ లేకపోయినా సరే. టైల్ వేసేటప్పుడు గమ్ములోని నీళ్లే చాలు. బైసన్ బోర్డంటే సిమెంటులో చెక్క పీలికలు కలిపి నొక్కిన బోర్డు. అది చెక్క కాదని చాలామంది అనుకుంటారు, కానీ దాన్లో ఉన్న చెక్క చెక్కలాగే తేమను పీలుస్తుంది. తడికి పొరలు విడదు, నిజమే. కదలకుండా మాత్రం ఉండదు.

మన ఊళ్లో తేమ ఊగిసలాట మామూలుది కాదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం దాకా పడిపోతుంది, ఆగస్టు ఉదయాల్లో 80 దాటుతుంది. చెక్కలో తేమ ఆ లెక్కన 6 శాతం నుంచి 16 శాతం దాకా మారుతుంది. 8 అడుగుల ప్లై షీటులో అది రెండు మూడు ఎంఎం తేడా. అందుకే షీట్లను గదిలోకి తెచ్చిన రోజే బిగించకూడదు. బద్దల మీద పేర్చి, గాలాడేలా మూడు నాలుగు రోజులు ఉంచాలి. వానాకాలంలో తడి గోదాములోంచి తెచ్చి వెంటనే బిగించిన షీట్లు వేసవికి అతుకుల దగ్గర నోళ్లు తెరుస్తాయి.

బిగించే ముందు పైపుల నెత్తులు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో 2 మీటర్ల అల్యూమినియం బద్ద, రసమట్టం పెట్టి చూడాలి. 3 ఎంఎంకు మించి తేడా ఉంటే గ్రైండర్‌తో వెల్డింగు గడ్డలు తీయాలి, పల్లం ఉన్నచోట రేకు ముక్క పెట్టాలి. తర్వాత తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూత. గమ్ముతో లెవెల్ చేస్తామనే మాటను నమ్మొద్దు. మందంగా పడిన చోట గమ్ము ఆరుతూ కుంగుతుంది, పలచగా ఉన్నచోట కుంగదు. ఆ తేడా టైల్ అంచుల్లో తేలుతుంది.

షీటు పొడవు పైపులకు అడ్డంగా రావాలి. ఇటుకల వరసలాగా అతుకులు తప్పించాలి. షీటుకూ షీటుకూ మధ్య 3 ఎంఎం, గోడ దగ్గర 10 ఎంఎం సందు. షీటు పొడవాటి అంచు పైపుల నడుమ గాలిలో వేలాడుతుంది కదా, దాని కింద అడ్డ ముక్కలు వెల్డింగు చేయాలి. ఇది దాదాపు ఎవరూ చేయరు. 4 అడుగులకో పగులు వచ్చేది ఈ లోపం వల్లే. పైపు నెత్తిన పాలీయూరిథేన్ సీలెంట్ ఒక గీతలా వేసి ఆపైన షీటు పరిస్తే కిర్రుకిర్రుమనే చప్పుడు ఉండదు. స్క్రూలు సెల్ఫ్ డ్రిల్లింగువి, మొన దగ్గర చిన్న రెక్కలున్నవి కావాలి. రెక్కలు ప్లైలో రంధ్రాన్ని వెడల్పు చేసి ఇనుము తగలగానే విరిగిపోతాయి. రెక్కల్లేని స్క్రూ అయితే మర ప్లైనీ పట్టుకుని, ఇనుములో దిగుతూ షీటును పైకెత్తేస్తుంది. బిగిసినట్టే ఉంటుంది, కింద సందు ఉంటుంది. అంచుల్లో 150 ఎంఎంకు ఒకటి, లోపల 200 నుంచి 250 ఎంఎంకు ఒకటి.

దాని మీద రెండో పొరగా 8 లేదా 10 ఎంఎం సిమెంటు ఫైబర్ బోర్డు, మనవాళ్లు వీ-బోర్డు అనేది, వేస్తే టైల్‌కు సరైన వేదిక దొరుకుతుంది. ఈ పొర బలం కోసం కాదు, గమ్ము పట్టు కోసం. అందుకే దాన్ని పొడి ప్లై మీద ఊరికే పరిచి బిగించకూడదు. గమ్మును 3 ఎంఎం పళ్ల కరణితో పరిచి, అది తడిగా ఉండగానే బోర్డు వేసి స్క్రూలు దింపాలి. అడుగున గాలి గుంతలు నిండటానికే ఆ గమ్ము. స్క్రూ 25 ఎంఎం చాలు, ప్లైలోనే ఆగిపోవాలి, పైపును తాకకూడదు. తాకితే పై పొర కూడా ఇనుముతోపాటే కదులుతుంది, రెండో పొర వేసిన ప్రయోజనమే పోతుంది. పై అతుకులు కింది అతుకుల మీద పడకుండా కనీసం 200 ఎంఎం జరపాలి. అతుకుల మీద క్షారాన్ని తట్టుకునే ఫైబర్ గ్లాస్ మెష్ టేపు, దాని మీద గమ్ము. జిప్సమ్ సీలింగుకు వాడే కాగితం టేపు, పుట్టీ ఇక్కడ వద్దు.

3 బై 4 మీటర్ల గదికి సరుకు సుమారుగా ఇదీ: 3 మీటర్ల పైపులు 11, ప్లై షీట్లు 5, సిమెంటు బోర్డులు 5, రెక్కల స్క్రూలు 300, మెష్ టేపు 25 మీటర్లు, 20 కిలోల గమ్ము బస్తాలు 7. ఇందులో అడ్డ ముక్కల పైపు కలపలేదు.

తర్వాత వేడి

చలిదేశాల్లో చెక్క నేలల మీద టైల్స్ కింద కరెంటు తీగలో వేడినీటి గొట్టాలో పరుస్తారు. నేల వేడెక్కి గది వెచ్చబడుతుంది. అక్కడి ప్రమాణాల ప్రకారం మనుషులు మసిలే గదిలో నేల ఉపరితలం 29 డిగ్రీలు దాటకూడదు, బాత్రూముల్లో 33. ఆ కొద్దిపాటి వేడి కోసమే వాళ్లు విస్తరణ జాయింట్లు (టైల్స్ పెరగడానికి వదిలే సందులు), సాగే గమ్ములు, మధ్యలో మ్యాట్‌లు అని పుస్తకాలకు పుస్తకాలు రాసుకున్నారు. హైదరాబాద్‌లో పెంట్‌హౌస్ ముందు సిటౌట్‌లో మే నెల మధ్యాహ్నం టైల్ 60 డిగ్రీల దాకా కాగుతుంది, ముదురు రంగుదైతే ఇంకా ఎక్కువ. చెప్పుల్లేకుండా అడుగు పెట్టినవాళ్లకు లెక్కలు చెప్పనక్కర్లేదు. అంటే వాళ్లు తీగలు పరిచి జాగ్రత్తపడే దానికన్నా పెద్ద వేడి మనకు పైనుంచి ఉచితంగా వస్తోంది, జాగ్రత్త మాత్రం లేదు. పడమర వైపు నిలువెత్తు గ్లాసు పెట్టిన గది లోపల కూడా, ఎండ పడినంత మేర ఇదే పరిస్థితి.

6 మీటర్ల నేల తీసుకుందాం. పొద్దున 25, మధ్యాహ్నం 60 అనుకుంటే 35 డిగ్రీల తేడా. ఆ తేడాకు విట్రిఫైడ్ టైల్ వరస దాదాపు 1.4 ఎంఎం పెరగాలనుకుంటుంది. అంతే వేడెక్కితే ఉక్కు 2.5 ఎంఎం పెరుగుతుంది. కానీ ఉక్కు నీడలో ఉంది, ఆలస్యంగా వేడెక్కుతుంది. కాబట్టి మధ్యాహ్నం టైల్ పెరుగుతుంటే కింద నేల కదలదు. దీనికి తోడు వేసవిలో ప్లై ఎండి ముడుచుకుంటుంది. పైన టైల్ పెరిగే కాలం, కింద చెక్క తగ్గే కాలం ఒకటే కావడం మన వాతావరణంలోని చిక్కు. మధ్యలో నలిగేది గమ్ము. అది వదిలేసిన రోజు టైల్స్ గుడారంలా లేస్తాయి, ఒక్కోసారి తుపాకీ పేలినట్టు చప్పుడుతో.

సాగే గమ్ము అవసరం ఇక్కడ వస్తుంది. ఐఎస్ 15477:2019 గమ్ములను 5 టైపులుగా విడదీస్తుంది. టైపు నంబరుతో పాటు బస్తా మీద ఎస్1 లేదా ఎస్2 అనే గుర్తు ఉందో లేదో చూడాలి. ఆరిన గమ్ము పట్టీని రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో నొక్కుతారు. 2.5 ఎంఎం వంగినా విరగకపోతే ఎస్1, 5 ఎంఎం వంగినా విరగకపోతే ఎస్2. బోర్డు నేలకు కనీసం ఎస్1, ఎండపడే చోట ఎస్2. ఈ గుర్తు లేని గమ్ము స్లాబు మీద ఎంత బాగా పనిచేసినా ఇక్కడ వద్దు. ఖరీదు తగ్గుతుందని బస్తాలో రెండు కిలోల సిమెంటు కలిపే అలవాటు కొందరు మేస్త్రీలకు ఉంది. దాంతో గమ్ముకు సాగే గుణమిచ్చే పాలిమరు వాటా తగ్గి, ఎస్2 కోసం పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే.

డీకప్లింగ్ మ్యాట్ అనేది 3 ఎంఎం మందం ఉన్న ప్లాస్టిక్ షీటు. పైన గుంతలు గుంతలుగా, అడుగున దూదిపొర. అడుగు పొర గమ్ముతో నేలకు అంటుకుంటుంది, పైన గుంతల్లో గమ్ము నింపి టైల్ పెడతారు. నేల అడ్డంగా సాగినప్పుడు ఆ సాగుడును మ్యాట్ తనలోనే కలిపేసుకుంటుంది, టైల్‌కు చేరనివ్వదు. అయితే అది కిందికి వంగే నేలను నిటారుగా నిలబెట్టదు. 20 ఎంఎం వంగే ఫ్రేము మీద మ్యాట్ వేసి ఇక భయం లేదనుకోవడం, కాలు విరిగితే చొక్కాకు ఇస్త్రీ చేయించడం లాంటిది. ఫ్రేము బాగుండి ఎండ సమస్యగా ఉన్నప్పుడే దాని మీద ఖర్చు పెట్టాలి.

అసలు కరెంటు తీగలే పరుద్దామనుకునేవాళ్లూ ఉండొచ్చు, పెద్దవాళ్ల బాత్రూమ్‌లో డిసెంబరు, జనవరి పొద్దులకు. ఈ ఊళ్లో అది వాడుకునేది ఏడాదికి రెండు నెలలే. వేస్తే మాత్రం తీగ మ్యాట్ చదరపు మీటరుకు 150 వాట్లు మించకుండా తీసుకోవాలి, కింద ఇన్సులేషన్ బోర్డు వేయాలి, లేకపోతే సగం వేడి కింది గది సీలింగులోకి పోతుంది. తీగను ఎక్కడా కత్తిరించకూడదు, తీగ మీద తీగ పడకూడదు, కమోడ్ కిందా కదలని అల్మారాల కిందా పరవకూడదు. తీగ నిరోధాన్ని మల్టీమీటరుతో మూడుసార్లు కొలవాలి: పెట్టె విప్పగానే, పరిచాక, టైల్ వేశాక. టైల్ వేశాక తేలిన లోపానికి టైల్ పగలగొట్టడమే మందు. సెన్సార్ తీగను ఒక చిన్న గొట్టంలోంచి రెండు తీగల నడుమకు తేవాలి, పాడైతే లాగి మార్చుకోవచ్చు. టైల్ వేసిన రెండు వారాల దాకా స్విచ్చు వేయకూడదు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా అసలే వద్దు.

టైల్ వేసే రోజు

బోర్డును తుడిచి, తడిగుడ్డతో దుమ్ము తీసి, ప్రైమర్ వేయాలి. బాత్రూమ్ అయితే ప్రైమర్ స్థానంలో వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, గోడ మీదకు కనీసం 150 ఎంఎం, మూలల్లో మెష్ గుడ్డతో. వాలు మీటరుకు 12 ఎంఎం ఫ్రేములోనే తీసుకురావాలి, తర్వాత గమ్ముతో తేవడం కుదరదు.

టైల్ సైజు 600 బై 600 దాటకపోతే మంచిది. 600 బై 1200 పలక వంగే నేల మీద మధ్యకు విరుగుతుంది, చిన్న టైల్‌కైతే జాయింట్లు ఎక్కువ, ఆ వంపును అవి పంచుకుంటాయి. తాండూరు బండ 20 ఎంఎంది చదరపు మీటరుకు 50 కిలోల పైనే, వంపుకు లొంగదు కూడా. ఇష్టమైతే ఫ్రేమును దానికి తగ్గట్టు కట్టించుకోవాలి.

గమ్ము 10 ఎంఎం పళ్ల కరణితో, అన్ని గీతలూ ఒకే దిక్కుకు. టైల్ వెనక కూడా పలచగా పూయాలి. గీతలకు అడ్డంగా కొంచెం జరిపి నొక్కితే గాలి బయటకు పోతుంది. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టే పద్ధతి ఇక్కడ నిషేధం. ముద్దల నడుమ గాలి ఉన్నచోట కుర్చీ కాలు పడితే టైల్ విరుగుతుంది. ప్రతి పదో టైల్‌ను వెంటనే పైకి లేపి వెనక చూడాలి: గదిలో 80 శాతం, బాత్రూములోనూ ఎండలోనూ 95 శాతం గమ్ము అంటి ఉండాలి. బస్తా మీద 20 నిమిషాల ఓపెన్ టైమ్ (గమ్ము పరిచాక టైల్ పెట్టడానికి ఉండే గడువు) అని రాసి ఉన్నా అది చల్లటి గదికి. ఏప్రిల్‌లో రేకుల కింద ఫ్యాన్ గాలిలో ఏడెనిమిది నిమిషాలకే పైపొర కట్టేస్తుంది. వేలితో తాకి చూడాలి, వేలికి అంటకపోతే గీకేసి కొత్తది పరవాలి. దాని మీద నీళ్లు చల్లి మళ్లీ కలపడం పనికిరాదు. వేసవిలో పొద్దున ఆరు నుంచి పది వరకు వేసి, ఎండపడే వైపు షేడ్‌నెట్ కట్టుకుంటే చాలా గొడవ తప్పుతుంది.

జాయింట్ లేకుండా వేయమని ఇంటివాళ్లు అడుగుతారు, ఫొటోలో బాగుంటుంది. గది లోపల 3 ఎంఎం, సిటౌట్‌లో 5 ఎంఎం స్పేసర్ పెట్టాలి. గ్రౌటు మర్నాడు, కనీసం 24 గంటల తర్వాత. మ్యాట్ వేసిన చోట, పైన విట్రిఫైడ్ టైల్, కింద మ్యాట్ ఉండి గమ్ములోని నీరు పోయే దారి ఉండదు కనుక, రెండు మూడు రోజులు ఆగితే నయం.

విస్తరణ జాయింట్లు నీడలో ఏడు ఏడున్నర మీటర్లకు ఒకటి, ఎండపడే చోట 2.5 నుంచి 3.5 మీటర్లకు ఒకటి. ఆ సందులో గ్రౌటు నింపకూడదు. ఫోమ్ తాడు దూర్చి పైన గ్రౌటు రంగుకు కలిసే పాలీయూరిథేన్ సీలెంట్ వేస్తే దూరం నుంచి తేడా తెలియదు.

తలుపు దగ్గర, బోర్డు నేల ముగిసి స్లాబు మొదలయ్యే గీత మీద టైల్ అడ్డంగా పడకూడదు. రెండు నేలలు రెండు రకాలుగా కదులుతాయి, ఆ గీత మీద పడ్డ టైల్ నూటికి నూరుపాళ్లు పగులుతుంది. టైల్‌ను గీత దగ్గరే కోసి, సందును కింది నుంచి పైదాకా తెరిచే ఉంచి సీలెంట్ పెట్టాలి. చుట్టూ గోడల దగ్గర వదిలిన 10 ఎంఎం సందు కూడా అంతే. అందులో పడిన గమ్ము, టైల్ ముక్కలు, స్పేసర్లు సాయంత్రమే గీకి తీయాలి, ఆరాక ఉలి పట్టాల్సి వస్తుంది. స్కర్టింగ్‌ను గోడకే అంటించి, కింద అట్టముక్క పెట్టి నేల టైల్‌కు 2 ఎంఎం ఎత్తులో నిలపాలి. అట్ట తీసేశాక ఆ సన్నటి గీతలో సీలెంట్.